అంగుళానికి 24 అడుగులు: 1851 లండన్ గాజు మేడను బడిలో కట్టడం ఎలా

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల హైస్కూళ్లలో సోషల్ ఎగ్జిబిషన్ పెడితే తాజ్‌మహల్, చార్మినార్, అగ్నిపర్వతం తప్పకుండా ఉంటాయి. వాటి పక్కన పెట్టదగ్గ మంచి నమూనా ఇంకొకటుంది. లండన్ హైడ్ పార్కులో 1851 మే 1న విక్టోరియా రాణి ప్రారంభించిన మహా ప్రదర్శన కోసం కట్టిన గాజు మేడ, క్రిస్టల్ ప్యాలెస్. దేశదేశాల సరుకులు, యంత్రాలు, కళాఖండాలు ఒకే కప్పు కింద చేరిన మొదటి పెద్ద ప్రదర్శన అది. అక్టోబరు మధ్యలో మూసేదాకా 60 లక్షల పైచిలుకు సందర్శనలు నమోదయ్యాయి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు పదిమంది కలిసి దీన్ని చేయగలరు. లెక్కలు, సైన్సు, చరిత్ర మూడూ ఇందులో ఒకేసారి వస్తాయి.

ముందు కొలత

ఈ భవనమంతా ఒక్క కొలత మీద నిలబడింది. ఆ కొలత 24 అడుగులు. స్తంభానికీ స్తంభానికీ మధ్య 24 అడుగులు, లేకపోతే దాని రెట్లు. మొత్తం పొడవు 1848 అడుగులంటే 77 గళ్లు. వెడల్పు 408 అడుగులంటే 17 గళ్లు. అందుకే ఒక అంగుళానికి 24 అడుగుల స్కేలు పెట్టుకోవాలి. అప్పుడు ఒక్కో గడి ఒక్కో అంగుళం అవుతుంది. నమూనా 77 అంగుళాల పొడవు, 17 అంగుళాల వెడల్పు వస్తుంది, ఎక్కడా భిన్నాల గొడవ ఉండదు. కొందరు 1:200 లాంటి గుండ్రని అంకె తీసుకుని ఒక్కో గడికి 36.6 మిల్లీమీటర్లు గీయడం మొదలుపెడతారు, సగం పనయ్యేసరికి గోడలు కలవవు.

మేడ మూడు మెట్లుగా లేస్తుంది. కింది మెట్టు 408 అడుగుల వెడల్పు, 24 అడుగుల ఎత్తు. రెండోది 264 అడుగుల వెడల్పు, నేల నుంచి 44 అడుగుల ఎత్తు. పైది 120 అడుగుల వెడల్పు, 64 అడుగుల ఎత్తు. నమూనాలో వెడల్పులు 17, 11, 5 అంగుళాలు. ఎత్తులు 25, 46.5, 68 మిల్లీమీటర్లు. పై మెట్టు కింద పొడుగునా సాగే నడిమి హాలు వెడల్పు 72 అడుగులు, అంటే 3 అంగుళాలు. దాదాపు మధ్యలో దీన్ని అడ్డంగా కోస్తూ 72 అడుగుల వెడల్పుతో ఒక అడ్డహాలు ఉంటుంది. దాని కమాను కప్పు 108 అడుగుల ఎత్తుకు వెళ్తుంది, నమూనాలో నాలుగున్నర అంగుళాలు. అడ్డహాలుకు 3 గళ్లు పోతే మిగిలినవి 74, అటు 37, ఇటు 37 పెట్టుకుంటే సరి.

ఇంత ఖచ్చితమైన గళ్లు ఎందుకంటే తొందర. ప్రదర్శన భవనం కమిటీ 245 ప్లాన్లు పిలిపించి దేన్నీ ఒప్పుకోలేదు. తను సొంతంగా గీయించినదానికేమో కోటికి పైగా ఇటుకలు కావాలి, వాటికి టైము లేదు. ఛాట్స్‌వర్త్‌లో డెవన్‌షైర్ డ్యూకు తోటల పని చూసే జోసెఫ్ పాక్స్‌టన్ మొక్కల కోసం గాజు ఇళ్లు కట్టి ఆరితేరినవాడు. 1850 జూన్ 11న డెర్బీలో రైల్వే మీటింగులో కూర్చుని సిరా అద్దే కాగితం మీద ఈ మేడను గీశాడు. ఫాక్స్, హెండర్సన్ కంపెనీ ఒకే అచ్చులో స్తంభాలు, దూలాలు పోత పోయించి, పార్కుకు తెచ్చి బిగించింది. మొదటి స్తంభం 1850 సెప్టెంబర్ 26న లేచింది, ఏడు నెలలు దాటగానే ప్రారంభోత్సవం అయిపోయింది. పిల్లలు కూడా ఇదే పద్ధతిలో చేయాలి. ఒకరు అచ్చు తయారు చేస్తారు, మిగతావాళ్లు అదే ముక్కను వందసార్లు చేస్తారు. ఒక్కో గోడ ఒకరు, ఒక్కో కప్పు ఒకరు అని పంచుకుంటే ఎవరి కొలత వారిదై చివర్లో ఏదీ అతకదు.

సామాను

12 ఎంఎం ప్లైవుడ్ 4×4 అడుగుల ముక్క ఒకటి చాలు. అందులోంచి 42×22 అంగుళాలది ఒకటి, 39×22 అంగుళాలది ఒకటి కోయించండి. మేడను రెండు భాగాలుగానే కట్టాలి. ఆరున్నర అడుగుల ఒకే చెక్క అయితే క్లాసు గుమ్మంలో తిరగదు, ఆటోలో పట్టదు. పెద్ద చెక్క మీద 37 గళ్లు, అడ్డహాలు కలిపి 40 అంగుళాలు. చిన్నదాని మీద మిగతా 37. రెండూ కలిసే అంచు మాత్రం మార్జిన్ లేకుండా ఉండాలి.

గాజుకు బదులు ఏ4 సైజు ఓహెచ్‌పీ షీట్లు (ప్రొజెక్టర్‌కు వాడే పారదర్శక ప్లాస్టిక్ షీట్లు) 100 మైక్రాన్లవి 35, కమాను కప్పుకు కాస్త మందంగా 175 మైక్రాన్లవి నాలుగు. నెల్లూరు చిన్నబజారు, ట్రంకు రోడ్డు స్టేషనరీ షాపుల్లో, ఒంగోలులో జిరాక్సు, బైండింగు సామాను అమ్మేచోట దొరుకుతాయి. 3 ఎంఎం ఫోమ్ బోర్డు రెండు, స్తంభాలకు అగరుబత్తి పుల్లలు (మసాలా పూయనివి), సన్నని జీఐ తీగ, కట్టర్, స్టీలు స్కేలు, సిరా అయిపోయిన బాల్ పెన్ను, ఫెవికాల్, సన్నని డబుల్ సైడ్ టేపు. కొబ్బరి ఈనెలు వాడొద్దు. ఒక కొస లావు, ఒక కొస సన్నం కాబట్టి వరసలో పెడితే వంకర కనిపిస్తుంది. క్షణాల్లో అతుక్కునే జిగురును ఓహెచ్‌పీ షీటు దగ్గరికి రానివ్వొద్దు. దాని ఆవిరి తగిలి షీటు తెల్లగా మసకబారుతుంది, మన కోస్తా ఉక్కలో ఇంకా ఎక్కువ. తుడిచినా పోదు.

గోడలు, కప్పు

ప్లైవుడ్ మీద తెల్లకాగితం అతికించి అంగుళం గళ్లు గీయండి. ప్రతి గీతనూ ఒకే కొస నుంచి కొలవాలి. ముందు గీత నుంచి తర్వాతి గీతకు కొలుచుకుంటూ పోతే ఒక్కోదానికి అర మిల్లీమీటరు తేడా వచ్చినా 37 గళ్లకు 18 మిల్లీమీటర్లు తప్పుతుంది.

ఒక్కో గడిలో మళ్లీ 8 అడుగుల చొప్పున మూడు కిటికీలు ఉంటాయి. అంటే అంగుళంలో మూడో వంతు, సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఇక్కడ పిల్లలు వరసగా 8.5, 8.5 అని గీసుకుంటూ పోతారు. 37 గళ్లు పూర్తయ్యేసరికి నాలుగు మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. అంగుళం గీతలు ముందు గీసి, ఆ గీతల లోపల మూడు భాగాలు చేయాలి.

కింది మెట్టు బయటి గోడ గాజు కాదు. అసలు భవనంలో గుమ్మాల దగ్గర తప్ప అది చెక్క పలకల గోడ. కాబట్టి అక్కడ ఫోమ్ బోర్డు పెట్టి పలకల గీతలు గీస్తే చాలు. పైన రెండు మెట్లకు ఓహెచ్‌పీ షీటును 21.5 మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి, నిలువు గీతలు తెల్ల పెయింట్ మార్కర్‌తో వేయండి. అన్నీ పారదర్శకంగా చేస్తే అందంగా ఉంటుంది కానీ తప్పు.

కప్పు పని అందరికంటే ఓపికున్న ఇద్దరికి ఇవ్వాలి. ఇది చదును కప్పు కాదు, వరసగా చిన్న చిన్న దూలకప్పులు, అంటే నడుమ శిఖరం నుంచి రెండు వైపులా వాలిన కప్పులు. ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి 8 అడుగులు. హాలుకు అడ్డంగా 24 అడుగులకొక దూలం, ఆ దూలాల మధ్య 24 అడుగుల చెక్క కాల్వలు, ఆ కాల్వల మీద గాజు నిలబడింది. అందుకే మడతలు భవనం పొడుగునా వెళ్లాలి. అడ్డంగా మడిస్తే చూడ్డానికి రేకుల షెడ్డులా ఉంటుంది, లెక్కా తప్పుతుంది.

షీటు పొడుగు వైపు సమాంతరంగా 4.5 మిల్లీమీటర్లకొక గీత ఎండిన బాల్ పెన్నుతో నొక్కి గీయండి. ఒక గీత ముందువైపు, మరుసటిది వెనకవైపు. అన్నీ ఒకే వైపు గీస్తే మడత ఒకటి విడిచి ఒకటి పగులుతుంది. కట్టర్‌తో గీస్తే షీటు తెగిపోతుంది. మడిచాక ఒక్కో దూలకప్పు వెడల్పు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు రావాలి. పై మెట్టుకు 15 శిఖరాలు, రెండో మెట్టుకు అటు 9, ఇటు 9, కింది మెట్టుకూ అంతే. పై కప్పుకు 7 షీట్లు, పక్క కప్పులకు 14, గోడలకు 7 పడతాయి. మిగిలినవి పాడయ్యే వాటికి. మడతలు తెరుచుకోకుండా రెండు కొసల దగ్గర సన్నని ఫోమ్ బోర్డు పట్టీ అడుగున టేపుతో పట్టించాలి. మే నెలలో ఈ పని పెట్టుకోవద్దు. డిసెంబర్, జనవరి నెలలు బాగుంటాయి.

అసలు మేడలో గాజు పలక 49 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు. దాదాపు 3 లక్షల పలకలు, 9 లక్షల చదరపు అడుగుల గాజు. బర్మింగ్‌హామ్ దగ్గర స్మెథిక్‌లో ఛాన్స్ బ్రదర్స్ తయారు చేశారు. అంతకుముందు ఆరేళ్ల క్రితం, 1845లో, బ్రిటన్ గాజు మీద పన్ను ఎత్తేసింది. ఆ పన్ను అలాగే ఉంటే ఇంత గాజుతో మేడ అన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. కాల్వల అంచుల మీద చక్రాల బండ్లు నడుపుతూ, వాటిలో కూర్చుని గాజు బిగించారు. ఒక్క వారంలో 80 మంది 18 వేలకు పైగా పలకలు అమర్చారు.

నడిమి హాలు స్తంభాలు మొత్తం 152. రెండు భాగాలు, ఒక్కో వైపు 38 చొప్పున. పుల్లలు 68 మిల్లీమీటర్లకు కోయడానికి ఒక చెక్క గాడి చేసుకోండి, కొలిచి కోయొద్దు. రంగు విషయంలో అందరూ తెల్లగా వదిలేస్తారు. అసలు మేడకు రంగుల పని చూసిన డిజైనర్ ఓవెన్ జోన్స్ లోపల నీలం, పసుపు, ఎరుపు, తెలుపు వేయించాడు. స్తంభాల గుండ్రని భాగం పసుపు, లోపలికి వంగిన భాగం నీలం, దూలాల అడుగు ఎరుపు. ఇంత సన్నని పుల్ల మీద రెండు రంగులు కుదరవు. స్తంభాలకు నీలం, పైన దూలానికి ఎరుపు గీత చాలు.

అడ్డహాలు గోడలు 3 అంగుళాల ఎత్తు, పైన ఒకటిన్నర అంగుళాల వ్యాసార్థంతో అర్ధచంద్రాకారం. పక్కటెముకల్లాంటి కమానులు 16, నడిమి గళ్ల గీతల మీద ఒక్కోటి. 75 ఎంఎం పీవీసీ పైపు చుట్టూ జీఐ తీగ చుట్టి, సగానికి కోస్తే సరిగ్గా సరిపోతాయి. తీగ కొద్దిగా విచ్చుకుని 3 అంగుళాలకు వస్తుంది. పైన 17×4.7 అంగుళాల మందపు షీటు వంచి టేపుతో పట్టించండి. ఏ4 పొడవు 11.7 అంగుళాలే కాబట్టి రెండు ముక్కలు కలపాలి, అతుకు కమాను మీదే రావాలి. ఈ కమాను ఎందుకంత ఎత్తంటే, పార్కులో పెద్ద ఎల్మ్ చెట్లున్నాయి, వాటిని కొట్టొద్దని జనం గట్టిగా అడ్డం తిరిగారు. చెట్లను అలాగే ఉంచి వాటి మీదుగా కప్పు వేశారు. సరుగుడు రెమ్మలు మూడున్నర అంగుళాలవి రెండు మూడు లోపల నిలబెట్టండి. చూసేవాళ్ల కన్ను ముందు అక్కడే ఆగుతుంది. చెట్ల మధ్య ఓస్లర్ కంపెనీ గాజు ఫౌంటెన్ ఉండేది, ఎత్తు 27 అడుగులు, 4 టన్నుల గాజు. దానికి అంగుళం పైన కొంచెం పొడవున్న పూసల దండ ముక్క సరిపోతుంది.

లైటుకు 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ 4 మీటర్లు, 2 యాంపియర్ల అడాప్టర్. పట్టీని గుర్తు ఉన్నచోటే కోయాలి. మామూలు బల్బు పెడితే పది నిమిషాల్లో కప్పు వంకరపోతుంది. అసలు మేడలోనూ ఎండ పెద్ద సమస్యే. కప్పు మీద గుడ్డ పరిచి, గోడల్లో తెరిచి మూసే పలకలు పెట్టి గాలి ఆడించారు.

పక్కన చేసి చూపించాల్సినవి

గాజు ఎలా పలక అయిందో ఒక ఓహెచ్‌పీ షీటుతో చూపించవచ్చు. అప్పుడు గాజును పొడుగాటి గొట్టంలా ఊదేవారు. రెండు కొసలు తీసేసి, పొడుగునా ఒక చీలిక కోసి, కొలిమిలో వేడి చేస్తే గొట్టం విచ్చుకుని పలకయ్యేది. షీటును గొట్టంలా చుట్టి టేపు వేసి, పిల్లవాడు అందరి ముందూ కత్తెరతో చీలిస్తే అది బల్ల మీద విచ్చుకోవాలి. పలక పొడవు ఊదిన గాజు గొట్టం పొడవును బట్టి ఉంటుందని అప్పుడు అర్థమవుతుంది. పక్కన గాజు సీసాలో గూడూరు, చిల్లకూరు వైపు నుంచి తెచ్చిన సిలికా ఇసుక పెట్టండి. గాజుకు ముడిసరుకు అదే, దానికి సోడా, సున్నం కలుస్తాయి.

స్తంభాలు లోపల డొల్ల. కప్పు మీది వాననీరు కాల్వల్లోంచి స్తంభాల్లోకి దిగి నేల కిందికి పోయేది. స్ట్రాకు పైన గరాటు పెట్టి, కింద గిన్నె పెట్టి రంగునీళ్లు పోస్తే చాలు. గరాటులో మరీ నిండుగా పొయ్యొద్దు, గాలి అడ్డుపడి నీళ్లు పైకి చిమ్ముతాయి.

నేల చెక్కల మధ్య సందులు వదిలారు, ఊడ్చిన దుమ్ము కిందికి రాలేది. ఇలాంటివి చార్టు మీద ఒక వాక్యంలో రాస్తే సరిపోతుంది.

ఇండియా బల్ల

నమూనా ఎంత బాగా కుదిరినా ఈ బల్ల లేకపోతే ప్రదర్శన కథ సగమే. ఇండియా విభాగం పెట్టింది ఈస్టిండియా కంపెనీ. ట్రావన్‌కోర్ దంతపు సింహాసనం, మల్మల్ బట్టలు, నగలు, ఆయుధాలు పెట్టారు. అంబారీ చూపించడానికి ఏనుగు కావలసివస్తే ఇంగ్లండులోని ఒక మ్యూజియం నుంచి చర్మంలో గడ్డి కూరిన ఏనుగును తెచ్చి నిలబెట్టారు.

అన్నిటికంటే జనం ఎగబడింది కోహినూర్ కోసం. కృష్ణ ఒడ్డున, ఇప్పటి పల్నాడు జిల్లా కొల్లూరు గనిలో దొరికిందని తరతరాలుగా చెప్పుకునే వజ్రం. 1849లో పంజాబ్‌ను కలుపుకున్నప్పుడు పదేళ్ల పిల్లవాడైన మహారాజా దులీప్ సింగ్ చేత లాహోర్ ఒప్పందంలో ఇప్పించుకున్నారు. ‘బహుమతిగా ఇచ్చారు’ అని చార్టులో రాయొద్దు. బంగారు పూత పంజరంలో పెడితే అది అనుకున్నంత మెరవలేదు. గ్యాసు దీపాలు, అద్దాలు పెట్టినా జనం నిరాశపడ్డారు. 1852లో తిరిగి సాన పట్టించి 105.6 క్యారెట్లకు తగ్గించారు. పాత తూకం 186 క్యారెట్లని చాలా చార్టుల్లో రాసి, దాంట్లోంచి 105.6 తీసేస్తారు. ఆ 186 పాత క్యారెట్లు, ఇప్పటి లెక్కలో 191. క్యారెట్‌కు ఒక గ్రాము చొప్పున 191 గ్రాముల బంకమట్టి ముద్ద, 106 గ్రాముల ముద్ద పక్కపక్కన పెట్టండి. ఎంత పోయిందో చేత్తో పట్టుకుని చూస్తారు.

ఇక మన జిల్లా సంగతి. నెల్లూరు ప్రాంతంలో నేసి నీలిమందు అద్దిన ముతక నీలిబట్ట ఒకప్పుడు వెస్టిండీస్ దీవులకు ఓడల్లో వెళ్లేది, అక్కడి తోటల్లో బానిసలు కట్టుకునేవారు. 1834లో బ్రిటిష్ దీవుల్లో బానిసత్వం రద్దయ్యాక ఆ వ్యాపారం ఆగింది. 1851లో అదే గాజు కప్పు కింద ఒకవైపు ఇండియా చేనేత, ఇంకోవైపు ఆవిరితో తిరిగే మరమగ్గాలు. ఈ రెండింటినీ ఒకే చార్టు మీద ఎదురెదురుగా వేస్తే మన సాలెల ఇళ్లలో ఆ తర్వాత ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. అదే సమయంలో మన నేతల రంగుల పొందిక, పూల అల్లిక చూసి ఓవెన్ జోన్స్ లాంటివాళ్లు మెచ్చుకున్నారు. ప్రదర్శనలోంచి ఇండియా వస్తువులు కొని తమ డిజైను విద్యార్థులకు పాఠంగా పెట్టారు. మగ్గం పనిని మెచ్చుకున్న దేశమే మగ్గం పొట్ట కొట్టింది, రెండూ నిజమే కాబట్టి రెండూ రాయాలి.

వెంకటగిరి చీర ముక్క, ఉదయగిరి చెక్క గరిటెలు, గూడూరు అభ్రకం, చీమకుర్తి గ్రానైటు పెట్టాలనిపిస్తుంది, పెట్టండి. అయితే వేరే బల్ల మీద, ‘ఈ రోజు ప్రదర్శన జరిగితే మన ప్రాంతం నుంచి పంపేవి’ అని రాసి పెట్టాలి. 1851 బల్ల మీద కలిపితే అవి అక్కడికి వెళ్లాయని చూసేవాళ్లు నమ్ముతారు.

వివరించే పిల్లలకు

టిక్కెట్టు సంగతి నుంచి మొదలుపెట్టమనండి, పెద్దవాళ్లు కూడా ఆగి వింటారు. మొదట్లో ధర ఎక్కువ. మే 26 నుంచి సోమవారం నుంచి గురువారం దాకా ఒక షిల్లింగు చేశారు. కూలీలు, రైతులు వస్తే గొడవలవుతాయని దొరలు భయపడ్డారు, అలాంటిదేమీ జరగలేదు. ప్రయాణాల ఏజెంటు థామస్ కుక్ రైళ్లు మాట్లాడి లక్షన్నర మందికి పైగా జనాన్ని తీసుకొచ్చాడు. ఒక పెన్నీ ఇచ్చి మరుగుదొడ్డి వాడుకున్నవాళ్లు 8,27,280 మంది, అంత జనం డబ్బిచ్చి వాడిన మరుగుదొడ్లు అంతకుముందు లేవు.

ప్రదర్శనకు 1,86,000 పౌండ్ల లాభం వచ్చింది. దానితో సౌత్ కెన్సింగ్టన్‌లో స్థలం కొన్నారు. ఇప్పుడు అక్కడ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, సైన్స్ మ్యూజియం, నేచురల్ హిస్టరీ మ్యూజియం ఉన్నాయి. మనవైపు 1851లోనే మద్రాసు మ్యూజియం మొదలైంది, 1855లో మద్రాసులో దక్షిణ భారత సరుకుల ప్రదర్శన జరిగింది. నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఆ వరసలోనే పారిస్, వియన్నా, ఫిలడెల్ఫియా, 1893లో షికాగో. వేసవిలో మన ఊళ్ల ఎగ్జిబిషన్‌లో తిరిగే జెయింట్ వీల్‌కు మూలం షికాగోలో ఫెర్రిస్ నిలబెట్టిన చక్రం. ఎత్తు 264 అడుగులు, 36 పెట్టెలు, ఒక్కోదాంట్లో 60 మంది. పిల్లలకు ఇది చెప్పగానే ప్రశ్నలు మొదలవుతాయి, వాటికి సిద్ధంగా ఉండాలి.

విప్పి దాచడం

కప్పులను గోడలకు జిగురుతో అతికించవద్దు, టేపుతోనే పట్టించండి. అసలు మేడను కూడా ప్రదర్శన అయ్యాక విప్పి, లండన్ దక్షిణాన సిడెన్‌హామ్‌కు తరలించి, పెంచి మళ్లీ కట్టారు. 1854లో అక్కడ తెరిచారు, 1936 నవంబర్ 30 రాత్రి అగ్నిప్రమాదంలో కాలిపోయింది. నమూనా కప్పులను ఒకదాని మీద ఒకటి పేర్చితే మడతలు నలుగుతాయి. ఒక్కో ముక్క మధ్య పాత నోట్‌బుక్ అట్ట పెట్టి, దారంతో వదులుగా కట్టి, బీరువాలో నిలువుగా పెట్టండి. అడాప్టర్‌ను విడిగా కవర్లో పెట్టి, దాని మీద 12 వోల్టులని మార్కర్‌తో రాయాలి. ప్లైవుడ్ ముక్కలను నేల తగలకుండా ఎత్తులో పెడితే చెదలు పట్టవు.